గీత, గుంట, గెంతు

వజ్రపు ముల్లు పోయిన రోజు కమ్మెచ్చుపురంలో కత్తుల పండుగ.

నీలశైల రాజ్యానికి రాజధాని ఆ నగరం. ఏడాదికి ఒకసారి, వానలు వెనకబట్టి ఎండ తేటపడగానే, రాజ్యంలోని కొలుములన్నిటిలో తయారైన వస్తువులు అక్కడికి వచ్చేవి. రథాల మీద ఖడ్గాలు, ఎడ్లబండ్ల మీద నాగటి కర్రులు, గంపల్లో ఉలులూ సుత్తులూ గునపాలూ, పల్లకీల్లో పట్టుబట్ట మడతల నడుమ పెళ్ళికూతుళ్ళ మట్టెలు. వీధులకు రెండు వైపులా రాగి తోరణాలు గాలికి గలగలలాడేవి. కోట బురుజుల మీద ఉక్కు రేకులతో చేసిన నెమళ్ళు పురివిప్పి తిరుగుతూ, సూర్యుడి వెలుగును ముక్కలు చేసి కింద నడిచేవాళ్ళ భుజాల మీద చల్లేవి. ఎవరు ఎవరికి ఎదురుపడినా "గట్టిగా ఉన్నారా?" అని పలకరించడం, "ఇంకా గీత పడలేదు!" అని అవతలివాళ్ళు నవ్వుతూ జవాబివ్వడం అక్కడి ఆచారం. పండుగనాడే కాదు, ఏనాడైనా అంతే. పసివాళ్ళకు మాటలు వచ్చేటప్పుడు అమ్మ, అత్త, తాత తరువాత వచ్చే మాట అదే.

వచ్చిన వస్తువులన్నీ చేరవలసిన చోటు కాఠిన్యశాల. జనం దాన్ని గట్టిశాల అనేవారు. అక్కడ మూడు పరీక్షలు. మొదటిది గీత. సుద్ద, పాలరాయి, గాజు, చెకుముకిరాయి, కురువిందం వరసగా పేర్చి ఉంటాయి. ఏ రాయి గీత పెట్టగలిగితే ఆ రాయికి వస్తువు లోకువ. రెండోది గుంట. పెద్ద మీటకు ఒక చివర రాతి బరువులు, రెండో చివర వజ్రపు ముల్లు. మీట దించితే ముల్లు వస్తువులో దిగుతుంది. పడిన గుంటను భూతద్దం కింద కొలుస్తారు. గుంట ఎంత చిన్నదైతే వస్తువు అంత గట్టిది. మూడోది గెంతు. నిలువుగా కట్టిన గాజు గొట్టంలో పైనుంచి ఉక్కు గుండు వదులుతారు. కింద ఉన్నది గట్టిదైతే గుండు ఎత్తుకు గెంతుతుంది. మెత్తనిదైతే ఆ దెబ్బను తనలో ఉంచేసుకుంటుంది, గుండు కొంచెమే లేస్తుంది. ఈ మూడూ దాటిన కత్తి మీదే రాజముద్ర పడేది.

గట్టిశాలకు పెద్ద తరళ. ఆమె తల్లి కంచమ్మ ఆ పదవిలోనే తల నెరిసి, చూపు మందగించగా కూతురికి అప్పగించింది. తరళ గుండు వదిలే తీరు చూడడానికే కొందరు వచ్చేవారు. గుండు గెంతి, కిందికి పడి, రెండోసారి గెంతబోయేలోగా గొట్టం కింది సందులో చేయి పెట్టి పట్టేసేది. రెండో గెంతు అబద్ధం చెబుతుందని గట్టిశాల వాళ్ళ నమ్మకం. ఎంత వేగంగా పడిన గుండైనా ఆమె అరచేతిలో చప్పుడు లేకుండా ఆగేది. కోట రౌతుల్లో ఒకడైన మల్లారి కంచమ్మకు అన్నకొడుకు. పండుగ వెళ్ళగానే తరళకూ అతడికీ పెళ్ళి. ఆ పనుల మీదే కంచమ్మ ఆ రోజు ఇంట్లో ఉండిపోయింది.

మిట్టమధ్యాహ్నం పొడవాటి కుప్పసం తొడుక్కున్న వర్తకుడొకడు గట్టిశాలకు వచ్చాడు. దూది పరిచిన పెట్టెలోంచి నల్లరాయి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ వజ్రపు ముల్లుకు లొంగని రాయి ఇది" అన్నాడు.

ఇంకే ఊళ్ళోనైనా అతడి పేరేమిటి, ఏ దేశం అని అడిగి ఉండేవారు. గట్టిశాలలో ఎవరూ అడగలేదు. ముల్లుకు లొంగని రాయట! కమ్మరులు, కంచరులు, కాపలావాళ్ళు కూడా మెడలు చాచి ముందుకు వచ్చారు. అది ఆ ఊరివాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు.

తరళ రాయి మీద చేయి వేసింది. "వెచ్చగా ఉందేమండీ?"

"దూరపు ప్రయాణం కదమ్మా. ఎండ తగిలింది."

"చూద్దాం ఉండండి. మా ముల్లు ఇంతవరకు ఎవరికీ మర్యాద చేయలేదు."

మీట దిగింది. వజ్రపు ముల్లు రాయిలోకి గుంట పెట్టలేదు. వెన్నలోకి వేలు దిగినట్టు మొదలంటా దిగిపోయింది. అది రాయి కాదు. పలచని రాతి పొర కింద వేడి చేసిన లక్క. లక్క చల్లారి బిగుసుకుంటుండగా వర్తకుడు ముద్దను ఒక్క గుంజు గుంజాడు. ముల్లు మీటనుంచి ఊడి ముద్దతో వెళ్ళిపోయింది. అన్నిటికంటే గట్టిది అన్నిటికంటే మెత్తనిదాని చేతికి చిక్కింది.

తరళ గబుక్కున అతడి మణికట్టు పట్టుకుంది. పట్టుకోగానే తెలిసింది. "ఇది మనిషి చెయ్యి కాదు! బావా, రాయి! వీడు రాయి!" అని అరిచింది.

వాకిట్లో గుర్రం మీద ఉన్న మల్లారి బల్లెం విసిరాడు. అది వర్తకుడి వీపుకు తగిలి ఎండుపుల్లలా విరిగింది. వర్తకుడు కుడిచేత్తో తరళ నుదురు తాకాడు. చాచిన చేయి చాచినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే ఆమె తెల్లని శిలగా మారింది. ఆ శిలను చంకన పెట్టుకుని, మండపం పైకప్పు బద్దలు కొట్టుకుని, సుడిగాలిగా ఉత్తరానికి ఎగిరిపోయాడు. పోతూ పోతూ తన పేరు తానే చెప్పుకున్నాడు. "పాషాణభట్టునురా నేను!"

*

ఉదయకేతు మహారాజు సేనను కదిలిస్తానన్నాడు. కంచమ్మ ఒప్పుకోలేదు.

"వద్దు మహారాజా. వాడు మనుషుల్ని బొమ్మలు చేసి తోటలో పెట్టుకుంటాడని వింటున్నాను. సేననంతా తీసుకెళ్తే వాడి తోట నిండుతుంది, మన కోట ఖాళీ అవుతుంది. నాకు మా అల్లుణ్ణి ఇవ్వండి, ఒక గుర్రం ఇవ్వండి. గాజు గొట్టం, గుండు, గీతరాళ్ళు నావి నేను తెచ్చుకుంటాను."

"యుద్ధానికి గాజు గొట్టమా అత్తా?" అన్నాడు మల్లారి.

"బల్లెం తీసుకెళ్ళావుగా, ఏం చేసుకొచ్చావు?"

మల్లారి గాజు గొట్టాన్ని గడ్డిలో చుట్టి గుర్రానికి కట్టాడు.

దారిలో అడవులు దాటారు. పసుపుపచ్చని పూలతో నిలువునా మండుతున్నట్టుండే కొండగోగు చెట్ల నడుమ నడిచారు. నీళ్ళు పైకి పారే వాగులో మునిగి తేలారు. పాట పాడితే తప్ప దారి ఇవ్వని వెదురుపొదల దగ్గర కంచమ్మ రోకటిపాట ఎత్తుకుంటే, వెదుళ్ళు తలలూపుతూ పక్కకు తొలగాయి. ఆమె ఎక్కడా తరళ పేరు ఎత్తలేదు. సాయంత్రాలు గుండును కొంగుతో తుడిచి మళ్ళీ సంచిలో పెట్టేది.

పాషాణభట్టు కోటకు ముందు లోతైన లోయ, లోయ మీద రాతి వంతెన. వంతెన మధ్య కోరలరాయుడనే రాక్షసుడు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. వాడి తలకాయ ధాన్యపు గాదె అంత. కింది దవడనుంచి రెండు కోరలు చెవులదాకా లేచి ఎండకు తళతళలాడుతున్నాయి.

"ఆగండి! గుర్రాన్ని ముందు తినమంటారా, ముసలమ్మనా?"

మల్లారి కత్తి దూశాడు. కంచమ్మ అతడి మోచేయి పట్టుకుని ఆపింది.

"నన్నే తిను నాయనా. పెద్దదాన్ని. కానీ ఎముకలు బాగా ముదిరిపోయాయి. నీ కోరలు ఆగుతాయా అనే నా బెంగ."

"నా కోరలా? బండలు నమిలేవాణ్ణి!"

"అందరూ అలాగే అంటారు. ఎప్పుడైనా పరీక్ష పెట్టించుకున్నావా?"

రాక్షసుడు కళ్ళు మిటకరించాడు. "పరీక్ష అంటే?"

"నోరు తెరువు."

తెరిచాడు. కంచమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని వాడి మోకాలి మీదికెక్కింది. సుద్ద తీసి కోర మీద గీసింది. సుద్దే అరిగింది. పాలరాయి గీసింది. గాజు గీసింది.

"గీత పడలేదు" అంది.

"హహ్హా! విన్నావురా గుర్రప్పిల్లాడా? గీత పడలేదంట!"

"కదలకు. ముక్కు మీద పడతాను."

చెకుముకిరాయికీ పడలేదు. రాక్షసుడు ఆనందంతో వంతెన మీద అరచేతులతో చరుస్తుంటే లోయలో పక్షులు లేచిపోయాయి. చివరికి కంచమ్మ కురువిందం తీసి గీసింది. కళ్ళు చికిలించి చూసింది.

"ఏమైంది?" అన్నాడు కోరలరాయుడు.

"పడింది."

"పెద్దదా?"

"సన్నది. మీ అమ్మకు తప్ప ఇంకెవరికీ కనపడదు."

"మా అమ్మ లేదు."

కంచమ్మ ఆ కోర మీద వేలితో ఒకసారి రాసింది. "అయితే ఎవరికీ కనపడదులే నాయనా. ఇంత గట్టి కోరలు నా జన్మలో చూడలేదు. మా ఊళ్ళో అయితే రాజముద్ర వేసేవాళ్ళం."

రాక్షసుడు ముక్కు ఎగబీల్చాడు. ఆకలి మాట మరిచిపోయాడు. "అంత మంచిదానివి, ఆ భట్టుగాడి కోటకెందుకు పోతున్నావు? మా తమ్ముణ్ణి కూడా వాడే రాయి చేశాడు. తోట వాకిట్లో ద్వారపాలకుడిగా నిలబెట్టాడు. వంతెన కాయకపోతే సుత్తితో పిండి చేస్తానన్నాడు. అందుకే ఇక్కడ కూర్చున్నాను."

"మా పిల్ల కూడా అక్కడే ఉంది" అంది కంచమ్మ. అన్ని రోజుల దారిలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

కోరలరాయుడు గొంతు తగ్గించాడు. "వాడి ఒంటికి ఏదీ గీత పెట్టలేదు, ఒక్క వజ్రపు ముల్లు తప్ప. అందుకే దొంగిలించాడు. వాడి ఒంట్లో ఎక్కడ గీత పడితే, వాడు రాయి చేసిన వాళ్ళందరికీ అక్కడ ప్రాణం వస్తుంది. కాలి మీద పడితే కాళ్ళకు. గుండె మీద పడితే అందరికీ అంతా. కానీ ఉత్తరాన మంచుమడుగు ఒకటుంది. గీత పడ్డ వెంటనే పోయి అందులో మునిగాడంటే గీత పూడిపోతుంది. వచ్చిన ప్రాణం మళ్ళీ పోతుంది."

"తరళను గుర్తుపట్టేదెలా?" అన్నాడు మల్లారి. "తోటలో ఎన్నో బొమ్మలుంటాయి. కొన్ని ఉలితో చెక్కినవి కూడా కావచ్చు. గీసి చూస్తే గీత పడుతుంది, గుంట పెడితే గుంట పడుతుంది. అది తన ఒంటి మీదే కదా."

కంచమ్మ గుర్రం మీది గడ్డిచుట్టను తట్టింది. "అందుకే ఇది తెచ్చాను. గెంతు ఒక్కటే మచ్చ పెట్టని పరీక్ష. ఉత్త రాయి గుండును ఉన్నంత ఎత్తుకూ విసిరేస్తుంది. లోపల ప్రాణమున్న రాయి దెబ్బను కొంత తనలో ఉంచుకుంటుంది. గుండు తక్కువ లేస్తుంది."

*

మరునాటి ఉదయం పాషాణభట్టు కోట వాకిట్లో సన్నాయి మోగింది. పసిడి అంచు శాలువా, బొడ్డుదాకా తెల్లగడ్డం, నుదుట అడ్డబొట్లతో ఒక పండితుడు గుర్రం దిగాడు. వెనక నెమలికంటి రంగు చీరలో ఒక పెద్దావిడ. పండితుడి గడ్డం మాటిమాటికీ దురద పెడుతోంది. సన్నాయి ఊదినవాడు వంతెన కింద దాక్కున్న కోరలరాయుడని కోటలో ఎవరికీ తెలియదు.

"సువర్ణద్వీపపు చక్రవర్తి పంపగా వచ్చాం" అన్నాడు పండితుడు, అంటే మల్లారి. "లోకంలోకెల్లా గట్టి దేహం గల మహానుభావుడికి 'కఠినచక్రవర్తి' అనే బిరుదు ఇవ్వాలని మా ప్రభువు సంకల్పం. తమ కీర్తి విని ముందు ఇక్కడికే వచ్చాం."

పాషాణభట్టు సింహాసనం మీదనుంచి దాదాపు దూకాడు. నల్లసేనపు రాళ్ళతో కట్టిన ఆ సభ నిండా స్ఫటిక దీపాలు, గోడలకు గోమేధికాల తీగలు, నేల మీద ముఖం కనపడేటంత నునుపు. అంతటి సభలో పొగడడానికి ఒక్క మనిషి లేక వాడు ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్నాడు.

"కఠినచక్రవర్తి! ఇంకోసారి అను."

"కఠినచక్రవర్తి."

"సాగదీసి అను."

మల్లారి సాగదీశాడు. కంచమ్మ పరీక్ష మొదలుపెట్టింది. వాడి మోచేతి మీద సుద్దనుంచి కురువిందందాకా గీసింది. దేనికీ గీత పడలేదు. వాడి నడినెత్తి మీద గాజు గొట్టం నిలిపి గుండు వదిలింది. గుండు గొట్టం దాటి, పైకప్పునున్న స్ఫటిక దీపాన్ని పగలగొట్టి కిందపడింది. పాషాణభట్టు చప్పట్లు కొట్టుకున్నాడు. రెండు బండలు కొట్టుకున్నట్టుంది.

"ఇక బిరుదు ఇవ్వండి."

"గుంట పరీక్ష మిగిలింది ప్రభూ" అంది కంచమ్మ వినయంగా. "దానికి వజ్రం కావాలి. అది లేకపోతే 'ముప్పాతిక కఠినచక్రవర్తి' అని మాత్రమే రాయగలం."

"ముప్పాతికా! విన్నవాళ్ళేమనుకుంటారు?"

"పావు వంతు మెత్తన అనుకుంటారు" అన్నాడు మల్లారి విచారంగా.

పాషాణభట్టు పెదవి కొరుక్కున్నాడు. నడుముకు వేలాడే సంచి తడుముకున్నాడు. అందులోంచి లక్కముద్ద అంచు కనపడింది. "వజ్రం నా దగ్గరుంది. కానీ మీ యంత్రం ఎంత నమ్మకమైనదో నాకు తెలియాలి. ముందు నా తోటలో బొమ్మల మీద చేసి చూపండి. అయినా ఈ యంత్రాన్ని నేనెక్కడో చూసినట్టుందే."

"మంచి యంత్రం ఎక్కడైనా ఒకేలా ఉంటుంది ప్రభూ" అంది కంచమ్మ.

తోట ఎంత అందంగా ఉందో అంత నిశ్శబ్దంగా ఉంది. పగడపు పూలు, పచ్చల ఆకులు, పాదరసం చిమ్మే జలయంత్రాలు. వాటి నడుమ తెల్లని శిలలు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు. వాకిట్లో తాటిచెట్టంత ద్వారపాలకుడు. మంత్రగాడు ఎంత జాగ్రత్తపరుడంటే, మంత్రంతో ప్రతి శిలకూ ఒకే ముఖం తెప్పించాడు. ప్రతి శిలా కుడిచేయి ముందుకు చాచి ఉంది, అరచేయి పైకి. ఎవరు ఎవరో కన్నతల్లికి కూడా తెలియదు.

కంచమ్మ మొదటి శిల అరచేతి మీద గొట్టం నిలిపి గుండు వదిలింది. గుండు తక్కువ లేచింది. ఆమె మల్లారి వైపు చూసింది. రెండో శిల. గుండు తక్కువే లేచింది. ఆ పక్కది, ఆ వెనకది, జలయంత్రాల పక్కనున్నవి. ప్రతిచోటా గుండు, గొట్టం మీద ఉత్త రాయికి గుర్తుగా పెట్టిన ఎర్రగీత అందుకోలేక మధ్యలోనే తిరిగి వచ్చింది.

"అత్తా, గొట్టం పాడైందా?" అని గొణిగాడు మల్లారి.

"గొట్టం బాగానే ఉంది" అంది ఆమె నెమ్మదిగా. "ఇందులో ఒక్కటి కూడా చెక్కిన బొమ్మ కాదురా. అందరూ మనుషులే."

మల్లారి తోటను మళ్ళీ చూశాడు. ఈసారి అతడికి బొమ్మలు కనపడలేదు. ఎవరి ఇంటివాళ్ళో, ఎవరెవరో ఎదురుచూస్తున్న వాళ్ళు కనపడ్డారు.

కంచమ్మ పరీక్ష ఆపలేదు. సంపెంగ పందిరి కిందనున్న శిల దగ్గరికి వచ్చింది. గుండు వదిలింది. అది అరచేతి మీద పడి లేచింది, తిరిగి పడింది. అన్ని శిలల మీదా రెండోసారి గెంతిన గుండు ఇక్కడ గెంతలేదు. చప్పుడు లేకుండా ఆ రాతి అరచేతిలో ఆగిపోయింది.

కంచమ్మ గొట్టం పక్కన పెట్టింది. ఆ చేతి వైపు చూస్తూ నిలబడింది. ఆమె కంటికి తోట కనపడడం లేదు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక గొంతు మెత్తగా పలకరించింది.

"గట్టిగా ఉన్నారా?"

"ఇంకా గీత పడలేదు" అంది కంచమ్మ.

అనేశాక నాలుక కరుచుకుంది. పాషాణభట్టు ముఖం మీద నవ్వు పగులులా పాకింది.

"కమ్మెచ్చుపురం ముసలిదానా! నాకూ పరీక్షలు చేతనవును" అంటూ కుడిచేయి ఆమె నుదుటి మీదికి ఎత్తాడు.

మల్లారి గడ్డం పీకి వాడి ముఖాన కొట్టాడు. కళ్ళనిండా జనపనార పడి వాడు తడబడ్డాడు. అంతలో మల్లారి కత్తి వాడి భుజం మీద పడింది, మొదలంటా విరిగింది. పిడి వాడి ముక్కు మీద పడింది, అదీ విరిగింది. మల్లారి నేల మీద దొర్లి వాడి కాళ్ళ సందులోంచి అవతల తేలి, నడుము సంచిని తెంపి లాగాడు. లక్కముద్ద చేతికి వచ్చింది. చివర వజ్రపు ముల్లు మిలమిలలాడుతోంది.

"లక్క మంచి పిడిరా అల్లుడూ! గీయి!" అని అరిచింది కంచమ్మ.

పాషాణభట్టు చేయి మల్లారి నుదుటి మీదికి దిగుతోంది. మల్లారి తప్పుకోలేదు. దిగుతున్న చేతికి ముల్లు అడ్డుపెట్టాడు. మోచేతినుంచి వేళ్ళదాకా ఎర్రని గీత పడింది. పాషాణభట్టు రాతి చేయి మనిషి చేయిగా మారింది. వాడు ఎన్నో ఏళ్ళ తరువాత మొదటిసారి "అబ్బా!" అన్నాడు.

తోటంతా ఒక్కసారి కదిలింది. శిలలు శిలలుగానే ఉన్నాయి, చేతులు మాత్రం మనుషుల చేతులయ్యాయి. గాజులు గలగలమన్నాయి. వేళ్ళు ముడుచుకున్నాయి, విప్పుకున్నాయి. ఎవరో చిటికె వేశారు. ఎవరో చెవి గోక్కోవాలని ఎన్నాళ్ళుగా అనుకున్నారో ఏమో, మొదట ఆ పని చేసుకున్నారు.

పాషాణభట్టు పరుగెత్తాడు. అది వాడు చేసిన తప్పు. తానే వరసగా నిలబెట్టిన చేతుల మధ్యనుంచి పరుగెత్తాలి. ఒక చేయి కుప్పసం పట్టుకుంది. ఇంకొకటి జుట్టు పట్టుకుంది. ముసలి చేయి ఒకటి వీపు మీద చరిచింది. గాజుల చేయి చెవి మెలిపెట్టింది. వాకిలిదాకా ఎలాగో వచ్చాడు. అక్కడ ద్వారపాలకుడి చేతులు, రోళ్ళంత పిడికిళ్ళు, వాణ్ణి నడుము పట్టి గాలిలోకి ఎత్తాయి.

"గుండె మీద! గుండె మీద గీయరా!" కంచమ్మ కేక.

మల్లారి ద్వారపాలకుడి మోకాలెక్కి, నడుమెక్కి, ముల్లు చాచాడు. వేలెడు దూరం. పాషాణభట్టు పళ్ళు బిగించి ఏదో ఉచ్చరించాడు. వాడి ఒళ్ళు బూడిదరంగు గద్దగా ముడుచుకుంది. కుప్పసం ద్వారపాలకుడి పిడికిట్లో మిగిలింది. గద్ద ఒక రెక్క సరిగా ఆడక ఒరుగుతూ, ఒరుగుతూనే ఉత్తరానికి ఎగిరింది.

చేతులన్నీ ఆ కుప్పసాన్ని ఒకరినుంచి ఒకరు అందుకుని పీలికలు చేశాయి. ఆ తరువాత చప్పట్లు కొట్టాయి. మాట లేని ఆ తోటలో చప్పట్లు వానలా కురిశాయి. వంతెన దిగి పరుగున వచ్చిన కోరలరాయుడు తమ్ముడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వాకిట్లో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నవ్వాడు.

మల్లారి సంపెంగ పందిరి కిందికి వచ్చాడు. తరళ చేయి గుండును పట్టుకునే ఉంది. అతడు వేలితో ఆ చేతిని తాకాడు. చేయి గుండును ఎడమ అరచేతిలోకి మార్చుకుని, అతడి ముఖం తడిమింది. గవదకు అంటుకుపోయిన జనపనార పీచు ఒకటి దొరికింది. దాన్ని పట్టి గట్టిగా పీకింది.

"అబ్బా! అత్తా, నీ కూతురే!"

"నాకు తెలుసులేరా" అంది కంచమ్మ. ఆమె దగ్గరికి వచ్చి తన చేయి అందించింది. తరళ వేళ్ళు తల్లి గాజులను ఒక్కొక్కటిగా తడిమి చూశాయి. అరిగిన గాజు దగ్గర ఆగాయి. తరువాత ఉక్కు గుండును తల్లి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పైన ఒకసారి నొక్కాయి. కంచమ్మ ఆ చేతిని చాలాసేపు వదలలేదు. చివరికి తరళ చేయే విడిపించుకుని ఉత్తరం వైపు చూపుడు వేలు చాచింది. తోటలోని చేతులన్నీ అటే చూపాయి.

"వాడు మంచుమడుగు చేరితే ఈ చేతులు మళ్ళీ రాళ్ళవుతాయి" అన్నాడు మల్లారి. "అత్తా, నువ్వు ఇక్కడే ఉండు. నేను వెళ్ళొస్తాను."

"ముల్లు పట్టుకోవడం వచ్చింది సరే, గుంట కొలవడం వచ్చా నీకు? దారిలో నీకు అన్నం వండేదెవరు? ఎక్కించు నన్ను."

"ఇక్కడ నేనుంటాను" అన్నాడు కోరలరాయుడు ముక్కు తుడుచుకుంటూ. "ఎవరి నెత్తి మీదా పిట్టను కూడా వాలనివ్వను."

గుర్రం ఎక్కే ముందు మల్లారి తరళ వైపు తిరిగాడు. ఆమె వినగలదో లేదో అతడికి తెలియదు. అయినా అడిగాడు.

"గట్టిగా ఉన్నావా?"

ఆమె చూపుడు వేలు గాలిలో పొడుగ్గా ఒక గీత గీసింది. గీసి, లేదు లేదన్నట్టు అటూ ఇటూ ఊగింది.

మల్లారి నవ్వుతూ గుర్రాన్ని అదిలించాడు. వెనక చప్పట్లు వినపడుతూనే ఉన్నాయి. ముందు మంచుకొండల మీద గద్ద చుక్కంత అయింది. వజ్రపు ముల్లు దొరికింది, చేతులకు ప్రాణం వచ్చింది. పాషాణభట్టు గుండె మీద ఇంకా గీత పడలేదు.